‘3 సెకన్లలో కనిపెట్టింది’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో చదరంగం సమస్య కింద ఈమధ్య ఒక వాక్యం తరచూ కనిపిస్తోంది: “కంప్యూటర్ ఈ ఎత్తును 3 సెకన్లలో కనిపెట్టింది”. ఇంకో వారం “డెప్త్ 40 దాకా వెళ్లినా దొరకలేదు” అని ఉంటుంది. వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) జాబితాలో 2801 రేటింగుకు చేరినప్పటి నుంచి ఇక్కడ పిల్లలను చదరంగంలో చేర్పించే తల్లిదండ్రులు మొదట అడిగేది “ఏ ఇంజిన్ ఫాస్ట్ సార్?” అనే. ఇంజిన్ అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్. మీ పేజీలోని ఆ వాక్యం చూసి ల్యాప్‌టాప్ కొనేవాళ్లూ ఉన్నారు. ఏ యంత్రం మీద, ఎన్ని థ్రెడ్లతో (ఒకేసారి పక్కపక్కన నడిచే వెతుకులాటలు), ఎంత హ్యాష్‌తో (చూసిన స్థితులను గుర్తుపెట్టుకునే పట్టికకు ఇచ్చే మెమరీ), దేన్ని ‘కనిపెట్టడం’ అనుకుని కొలిచారో చెప్పకపోతే ఆ 3 సెకన్లకు అర్థం లేదు. ఎందుకు లేదో, ఎలా కొలిస్తే ఉంటుందో రాస్తున్నాం.

ముందు డెప్త్ సంగతి. డెప్త్ అంటే ఎన్ని అర్ధ ఎత్తులు (ఒకరు ఒకసారి ఆడేది ఒక అర్ధ ఎత్తు) ముందుకు చూసిందన్న లెక్క. కానీ తెరమీద కనిపించే డెప్త్ అంటే అన్ని దారుల్లోనూ అన్ని అర్ధ ఎత్తులు చూసిందని కాదు. చదరంగంలో ఒక స్థితిలో సగటున 35 దాకా ఎత్తులుంటాయి. నాలుగు అర్ధ ఎత్తుల లోతుకు అన్నీ చూడాలంటే 15,00,625 చివరి స్థితులు. ఇంజిన్లు వాడే ఆల్ఫా-బీటా అనే వెతుకులాట పద్ధతిలో, ఎదుటివాడి ఒక్క జవాబుతోనే మన ఎత్తు చెడుతుందని తేలితే అతని మిగతా జవాబుల జోలికి పోనక్కర్లేదు. మంచి ఎత్తులనే ముందు చూసే అదృష్టం ప్రతిచోటా కలిసొస్తే ఆ 15 లక్షలు 2,449కి దిగుతాయి. అంటే వేగమంతా ఏ ఎత్తును ముందు చూడాలో ఊహించడంలో ఉంది. ఇప్పటి ఇంజిన్లు ఇంకో అడుగు ముందుకేసి, వరుసలో వెనకబడ్డ ఎత్తులను తక్కువ లోతుతో చూసి వదిలేస్తాయి. ఎంత తగ్గించాలన్నది ఒక్కో ఇంజిన్‌ది ఒక్కో లెక్క. కాబట్టి ఒకదాని డెప్త్ 30ని ఇంకోదాని డెప్త్ 30తో పోల్చడం ఒక ఊరి కుంచాన్ని ఇంకో ఊరి కుంచంతో పోల్చడమే.

సెకనుకు ఎన్ని స్థితులు చూస్తుందన్న లెక్కా అంతే. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. 2018లో అచ్చయిన ఆల్ఫాజీరో ఇంజిన్ పరిశోధన పత్రం ప్రకారం ఆ ఇంజిన్ సెకనుకు చూసింది 60 వేలు, దాని చేతిలో ఓడిన స్టాక్‌ఫిష్ ఇంజిన్ చూసింది 6 కోట్లు. వెయ్యి రెట్లు తేడా. ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందో లేదో చూడకుండా బస్తాలు మాత్రం లెక్కపెట్టుకుని వస్తే ఎట్లుంటుందో, స్థితుల సంఖ్య చూసి ఇంజిన్‌ను మెచ్చుకోవడం అట్లుంటుంది. ఒకే ఇంజిన్ రెండు కంప్యూటర్ల మీద ఎలా నడుస్తోందో చూడటానికి మాత్రం ఆ సంఖ్య పనికొస్తుంది.

ఇక ‘కనిపెట్టడం’ అంటే ఏమిటి? ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, కనుక రెండు స్థితులు దగ్గరగా చూద్దాం.

మొదటిది రూబెన్ ఫైన్ అంత్యక్రీడల పుస్తకంలోని 70వ స్థితి. ఇంజిన్లను పరీక్షించేవాళ్లంతా ఎరిగినదే. (గడుల పేర్లలో ఏ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలు, 1 నుంచి 8 దాకా అడ్డ వరుసలు.) తెల్లరాజు ఏ1, తెల్ల బంట్లు ఏ4, డి4, డి5, ఎఫ్4. నల్లరాజు ఏ7, నల్ల బంట్లు ఏ5, డి6, ఎఫ్5. తెల్ల ఎత్తు. బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడి బిగుసుకుపోయాయి, కదిలేవి రాజులే. తెల్లరాజుకు మూడే ఎత్తులు: ఏ2, బి1, బి2. గెలిచేది బి1 ఒక్కటే. తెల్లరాజు సి4కు చేరే సమయానికి నల్లరాజు బి6లో ఉండి బి5 గడికి కాపలా కాయాలి. తెల్లరాజు అటు హెచ్4 వైపు మళ్లితే జి5 గడిని కాయడానికి అంత దూరం పరుగెత్తాలి. తెల్లరాజు ఒక గడి అటూఇటూ మారినప్పుడల్లా నల్లరాజుకు సరిజోడు గడి ఒకటుంటుంది. ఆ జోడు తప్పించడమే తెల్ల పని. అందుకు వెనక్కి, బి1కు వెళ్లాలి.

ఈ స్థితిని ఇంజిన్‌కు ఇవ్వగానే బి1 అని చూపించిందనుకోండి. కనిపెట్టినట్టా? ఉన్నవే మూడు ఎత్తులు. కళ్లు మూసుకుని ఎంచుకున్నా మూడుసార్లకు ఒకసారి తగులుతుంది, కాకతాళీయం. కాబట్టి ఎత్తుతో పాటు స్కోరు (ఎవరిది ఎంత పైచేయో ఇంజిన్ చెప్పే అంకె) చూడాలి. తెల్లకు ఒక బంటు ఎక్కువ కనుక స్కోరు మొదటి నుంచే కొంత తెల్లవైపు ఉండొచ్చు. ఇరవై పైచిలుకు అర్ధ ఎత్తుల అవతల నల్ల బంటు పడిపోతోందని కనిపించాక స్కోరు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మనం రాసుకోవాల్సిన సమయం అది.

హ్యాష్ అంటే ఏమిటో చూపడానికి కూడా ఇంతకంటే మంచి స్థితి లేదు. ఏడు బంట్లు పోను మిగిలే గడులు 57. రాజులు రెండు, ఎత్తు ఎవరిదన్నది ఇంకో రెండు రకాలు. 57×57×2, అంటే బంటు పడేవరకు ఎంత ఆడినా 6,498 స్థితులకు మించవు. దారులు మాత్రం కోట్లు. ఒకసారి చూసిన స్థితిని గుర్తుపెట్టుకునే పట్టిక ఉన్న ఇంజిన్ దీన్ని చిటికెలో తేలుస్తుంది. ఆ పట్టిక లేనిది అదే స్థితిని వేల దారుల్లో మళ్లీ మళ్లీ తవ్వుతూ కూర్చుంటుంది. మరి ఈ ఒక్క స్థితితో రెండు ఇంజిన్ల తెలివి తేలుతుందా అంటే తేలదు. తేలేది జ్ఞాపకం పనిచేస్తోందా లేదా అన్నది.

రెండోది 1998 లినారెస్ టోర్నీలో తొపలోవ్ మీద షిరోవ్ ఆడిన 47వ ఎత్తు. తెల్లరాజు జి1, శకటం సి3, బంట్లు జి2, హెచ్4. నల్లరాజు ఇ6, శకటం ఎఫ్5, బంట్లు ఏ4, డి5, ఎఫ్6, జి6. నల్ల ఎత్తు. (శకటాన్ని మా దగ్గర పిల్లలు ఒంటె అనో బిషప్ అనో అంటారు, ఏ పేరైనా ఒకటే.) షిరోవ్ తన శకటాన్ని హెచ్3లో, జి2 బంటు నోటికాడ పెట్టాడు. బంటుతో కొడితే నల్లరాజు ఎఫ్5, తెల్లరాజు ఎఫ్2, నల్లరాజు ఇ4. తెల్లరాజు ఇ3కి చేరకముందే దారి మూసుకుపోయింది. ఏ, డి బంట్లను ఒంటరి శకటం ఆపలేదు. కొట్టకుండా రాజు ఎఫ్2కు వస్తే నల్లరాజు ఎఫ్5, తెల్లరాజు ఎఫ్3, అప్పుడు శకటం జి2లో బంటును కొట్టి చెక్. దాన్ని కొట్టేలోపు నల్లరాజు ఇ4లో ఉంటుంది.

ఇది ఇంజిన్లకు ఎందుకు కష్టమైంది? చెక్ లేదు, ఎదుటి పావును కొట్టడం లేదు, పైగా మరుసటి ఎత్తులోనే శకటం పోతుంది. ఎత్తులను వరుసలో పెట్టేటప్పుడు ఇలాంటిది అట్టడుగున పడుతుంది. అట్టడుగున పడ్డదాన్ని తక్కువ లోతుతో చూస్తుంది. తక్కువ లోతులో కనిపించేది శకటం పోవడమొక్కటే. లాభం చాలా ఎత్తుల అవతల ఉంది. ఇంజిన్‌కు మామూలు వేళల్లో వేగం ఇచ్చే కత్తిరింపే ఇక్కడ కళ్లకు గంతలు కడుతుంది. ఎత్తులను తక్కువగా కత్తిరించే ‘నెమ్మది’ ఇంజిన్ దీన్ని ముందే పట్టుకుని, మామూలు ఆటలో మాత్రం చిత్తుగా ఓడిపోవచ్చు. సమస్యలు తొందరగా విప్పడం, ఆట గెలవడం రెండూ ఒకటి కావని స్టాక్‌ఫిష్ తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. అందుకే వాళ్లు 2013 నుంచి ప్రతి చిన్న మార్పునూ ఫిష్‌టెస్ట్ అనే పరీక్షా వేదికలో వేలాది ఆటలు ఆడించి గానీ తీసుకోరు.

కొలిచే పద్ధతికి వద్దాం. కింద చెప్పేదంతా యూసీఐ ఆజ్ఞలతో (ఇంజిన్‌తో మాట్లాడే ప్రామాణిక ఆజ్ఞలు), ఏ విండో ప్రోగ్రామూ లేకుండా, ఇంజిన్ ఫైలును నేరుగా తెరిచి చేయొచ్చు. ‘యూసీఐ’ అని కొట్టి ‘యూసీఐ ఓకే’ వచ్చేదాకా ఆగాలి. సెట్‌ఆప్షన్ ఆజ్ఞతో థ్రెడ్స్ 1, హ్యాష్ 256, మల్టీపీవీ (ఎన్ని మంచి ఎత్తులు చూపాలన్నది) 1 పెట్టాలి. ‘యూసీఐ న్యూగేమ్’, తర్వాత ‘ఈజ్ రెడీ’. ‘రెడీ ఓకే’ వచ్చాకే స్థితిని ఇవ్వాలి. ఈ ఆగడం చాదస్తం కాదు. హ్యాష్ ఖాళీ చేయడానికి, న్యూరల్ నెట్‌వర్క్ ఫైలు ఎక్కించుకోవడానికి పట్టే సమయం ఎత్తు వెతికే సమయంలో కలవకూడదు. ఆ తర్వాత ‘గో మూవ్‌టైమ్ 60000’. అది మిల్లీసెకన్లలో, అంటే ఒక నిమిషం.

థ్రెడ్ ఒకటే ఎందుకంటే, ఒకే థ్రెడ్ మీద, ఖాళీ హ్యాష్‌తో మొదలుపెడితే స్టాక్‌ఫిష్ ప్రతిసారీ అదే వరుసలో అవే నోడ్లు (వెతుకులాటలో చూసే స్థితులు) చూస్తుంది. ఇవాళ వచ్చిన నోడ్ల సంఖ్యే రేపూ వస్తుంది. నాలుగు థ్రెడ్లు పెడితే నాలుగూ ఒకే పట్టికలో రాస్తూ, ఒకదాని రాత ఇంకోటి చదువుతూ పోతాయి. ఎవరు ముందు రాశారన్నది ప్రతిసారీ మారుతుంది. ఒకే స్థితికి ఒకసారి 4 సెకన్లు, ఇంకోసారి 19 సెకన్లు రావడంలో వింతేమీ లేదు. ఎక్కువ థ్రెడ్లతోనే కొలవాలనుకుంటే కనీసం ఐదుసార్లు నడిపి, నడిమి అంకె తీసుకోవాలి. అన్నిట్లోకి తక్కువదాన్ని ఎంచుకుని అచ్చువేయడం మోసం.

హ్యాష్ లెక్క కూడా తెలిసి పెట్టాలి. స్టాక్‌ఫిష్ ఏమీ మార్చకపోతే 16 ఎంబీతో నడుస్తుంది. అందులో 32 బైట్ల అర ఒక్కోదాంట్లో మూడు స్థితులు, మొత్తం 15,72,864. సెకనుకు పది లక్షల స్థితులు చూసే యంత్రం మీద అది కొద్ది సెకన్లలో నిండిపోతుంది. వచ్చే సమాచార వరుసలో ‘హ్యాష్‌ఫుల్’ అంకె వెయ్యికి ఎన్ని వంతులు నిండాయో చెబుతుంది. అది 1000కి దగ్గరపడ్డాక వచ్చే ఫలితాన్ని ఇంజిన్ నెమ్మదితనంగా లెక్కగట్టొద్దు, గిన్నె చిన్నదైంది అంతే. అలాగని 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో 8192 ఎంబీ ఇస్తే విండోస్‌కు చోటు లేక డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది, వేగం పాతాళానికి పోతుంది. అలాంటి యంత్రంలో 1024 చాలు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటుంది. ఇంజిన్ నడుస్తుండగానే జవాబు ఎత్తులు బోర్డు మీద ఆడి చూసి, సరిగానే ఉందనుకుని వెనక్కి వచ్చి, అప్పుడు గడియారం చూడటం. ముందుకెళ్లినప్పుడు తెలుసుకున్నదంతా హ్యాష్‌లోనే ఉంటుంది. వెనక్కి రాగానే అరసెకనులో ‘కనిపెడుతుంది’. ప్రశ్నాపత్రం ముందురోజే చూసిన విద్యార్థి మార్కులవి. ప్రతి కొలతకూ ముందు యూసీఐ న్యూగేమ్ కొట్టాలి, లేదా హ్యాష్ చెరిపే మీట నొక్కాలి.

వచ్చిన వరుసలను చదవడంలో ఒక నియమం తప్పనిసరి. సరైన ఎత్తు మొదటిసారి కనిపించిన సమయం కాదు, చివరిదాకా నిలిచిన సమయం రాయాలి. షిరోవ్ స్థితిలో 2వ సెకనులో శకటం హెచ్3 చూపి, 9వ సెకనులో వదిలేసి, 31వ సెకనులో మళ్లీ పట్టుకుని 60 దాకా వదలకపోతే దాని సమయం 31. పత్రికల్లో వచ్చే ఆశ్చర్యకరమైన అంకెల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ 2వ సెకనే. ఎత్తుతో పాటు స్కోరు ఎంతకు చేరాలో ముందే అనుకోవాలి. అదైనా ఒకే ఇంజిన్, ఒకే వెర్షన్‌లోనే పోల్చాలి; స్టాక్‌ఫిష్ 15.1 నుంచి స్కోరు కొలబద్దనే మార్చి, 1.00 అంటే గెలుపు అవకాశం సగం అని స్థిరపరిచారు. పాత వెర్షన్ 1.00, కొత్త వెర్షన్ 1.00 ఒకటి కావు.

ఇక మన జిల్లాల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ల్యాప్‌టాప్ ఎంత? మే నెలలో రేకుల కప్పు గదిలో ఇంజిన్‌ను నిమిషాల తరబడి నడిపిస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి సమస్యకూ ఇరవయ్యో సమస్యకూ మధ్య సెకనుకు చూసే స్థితుల సంఖ్య పడిపోతుంది. చివర్లో పెట్టిన ఇంజిన్ ఓడిపోతుంది. ఫోన్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మందు సులువే. స్టాక్‌ఫిష్‌లో ‘బెంచ్’ అన్న ఆజ్ఞ ఉంది, ఒక నిర్ణీత స్థితుల వరుసను నడిపి చివర్లో వేగం చెబుతుంది. పరీక్షకు ముందొకసారి, తర్వాతొకసారి కొట్టి చూడాలి. రెండింటికీ బాగా తేడా ఉంటే ఆరోజు కొలతలు పారేసి తెల్లవారుజామున మళ్లీ చేయాలి. ఇంజిన్లను ఒకదాని తర్వాత ఒకటి మొత్తంగా కాక, ఒక్కో సమస్యకూ వంతులవారీగా మార్చి నడిపితే వేడి అందరికీ సమానంగా తగులుతుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారిందంటే చాలా ల్యాప్‌టాప్‌లు పొదుపులోకి వెళ్తాయి. అప్పుడు వచ్చిన అంకెనూ లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంజిన్ ఫైలు ఏది దించుకున్నారన్నదీ ముఖ్యమే. స్టాక్‌ఫిష్ ఒకే వెర్షన్ రకరకాల ప్రాసెసర్లకు వేరువేరుగా దొరుకుతుంది: ఏవీఎక్స్2, బీఎంఐ2, పాప్‌కౌంట్ వగైరా (ఇవి ప్రాసెసర్‌కు తెలిసిన ప్రత్యేక సూచనల పేర్లు). పాత ప్రాసెసర్ మీద ఏవీఎక్స్2 ఫైలు తెరుచుకోకుండానే పడిపోతుంది. కొత్త ప్రాసెసర్ మీద పాతకాలపు ఫైలు నడుస్తుంది గానీ, 2020లో 12వ వెర్షన్‌తో వచ్చిన ఎన్ఎన్‌యూఈ (స్థితిని బేరీజు వేసే న్యూరల్ నెట్‌వర్క్) లెక్కలకు ఏవీఎక్స్2 లాంటి ఆ సూచనలే ప్రాణం కనుక వేగం బాగా తగ్గుతుంది. ఏఎండీ ప్రాసెసర్లలో జెన్ 3 తరం కంటే ముందువాటికి బీఎంఐ2 కన్నా ఏవీఎక్స్2 ఫైలే మేలు. బ్రౌజర్‌లో నడిచే స్టాక్‌ఫిష్‌ను కంప్యూటర్‌లో నేరుగా నడిచేదానితో పోల్చి “ఇది నెమ్మది” అనడం న్యాయం కాదు. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రం మీద లీలా చెస్ జీరో అనే ఇంజిన్‌ను నడిపి తీర్పు చెప్పడమూ అంతే. అది ఆ కార్డు కోసమే పుట్టింది.

ఏడు పావులు, అంతకంటే తక్కువ ఉన్న స్థితులతో వేగం కొలవొద్దు. సిజిజీ పట్టికలు (తక్కువ పావుల స్థితులకు జవాబులు ముందే లెక్కగట్టి పెట్టినవి) జతచేసి ఉంటే ఇంజిన్ వెతకదు, జవాబు చదువుతుంది. 1895 నాటి సావెడ్రా స్థితి చూడండి: తెల్లరాజు బి6, బంటు సి6, నల్లరాజు ఏ1, ఏనుగు డి5. మొదటి ఎత్తు బంటు సి7, అది పిల్లలకూ కనిపిస్తుంది. అసలు కిటుకు ఆరో ఎత్తులో ఉంది: మంత్రిగా మారిస్తే నల్ల ఏనుగు సి4లో చెక్ ఇచ్చి చస్తుంది, కొడితే నల్లరాజుకు కదలిక లేక డ్రా; అందుకే ఏనుగుగా మార్చాలి. ఇంజిన్ 0 సెకన్లలో సి7 చెప్పిందంటే ఆ కిటుకు చూసిందని కాదు. ఇలాంటి సమస్యలకు కిటుకు ఉన్న స్థితినే ఇచ్చి కొలవాలి.

కొలిచాక మొత్తం వేయడంలోనూ గోతులున్నాయి. నాలుగు సమస్యలకు ఒక ఇంజిన్‌కు 1, 1, 1, 57 సెకన్లు, ఇంకోదానికి నాలుగింటికీ పన్నెండేసి పట్టాయనుకుందాం. మామూలు సగటు 15, 12. రెండోదే ఫాస్ట్ అని తేలుతుంది. కానీ నాలుగింట మూడు మొదటిదే పన్నెండు రెట్లు ముందు విప్పింది. గుణోత్తర సగటు (నాలుగు అంకెలను గుణించి, వచ్చినదానికి నాలుగో మూలం) తీస్తే 2.75, 12. వెతుకులాటకు పట్టే కాలం లోతుతో రెట్లలో పెరుగుతుంది కనుక ఈ రెండో లెక్కే దానికి తగినది. నిమిషంలో దొరకనివాటిని పట్టికలోంచి తీసేసే అలవాటు ఇంకా చెడ్డది. కష్టమైనవన్నీ వదిలేసిన బలహీన ఇంజిన్‌కే మంచి సగటు వస్తుంది. దొరకనివి ఎన్నో పక్కన వేరుగా రాయాలి. సమస్యలు కూడా పదీ ఇరవై సరిపోవు. బ్రాట్కో-కోపెక్ పరీక్షలో 24, ‘విన్ ఎట్ చెస్’ వరుసలో 300 ఉన్నాయి. అందులోనూ మొదటిది 1982 నాటిది, ఇప్పటి ఇంజిన్లకు చాలావరకు నల్లేరు మీద బండి నడక.

ఇక మీకు మా విన్నపం. సమస్య ఎంచుకునేటప్పుడు ఒక్కసారి మల్టీపీవీ 2 పెట్టి రెండో మంచి ఎత్తు స్కోరు చూడండి. అదీ గెలిచేదే అయితే ఆ సమస్యకు రెండు జవాబులున్నట్టు, వేయకపోవడమే మంచిది. సమయం కొలిచేటప్పుడు మళ్లీ 1కి మార్చండి. అంకె వేస్తే దానితో పాటు ఒక్క వరుస: “స్టాక్‌ఫిష్ ఫలానా వెర్షన్, 1 థ్రెడ్, హ్యాష్ 256 ఎంబీ, ఫలానా ప్రాసెసర్, ఎత్తు నిలిచింది 31వ సెకనులో, నోడ్లు ఇన్ని”. రెండు అంగుళాల చోటు కూడా పట్టదు. నోడ్ల సంఖ్య ఉంటే దేవరకొండలో పాత డెస్క్‌టాప్ ఉన్న పిల్లవాడు కూడా అదే ఫైలు రకంతో నడిపి, సెకన్లు వేరైనా నోడ్లు సరిపోయాయో లేదో చూసుకుంటాడు. సరిపోకపోతే మీకు ఉత్తరం రాస్తాడు.

మొదటగా పైన చెప్పిన షిరోవ్ స్థితినే వేసి, ఆ వరుసతో సహా ఫలితం అచ్చువేస్తారని ఆశిస్తున్నాం.

— చదరంగం శిక్షకులు కొందరు, నల్లగొండ